తువ్వాల కింది చెయ్యి

కామాక్షి చెడ్డ మనిషి కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు ఆవిణ్ణి తిట్టుకునేటప్పుడు కాస్త చూసి తిట్టుకుంటారని.

గల్ఫులోని ఫుజైరాలో, కొండ వైపు కిటికీ ఉన్న రెండు గదుల ఫ్లాటులో కూర్చుని, హైదరాబాదులో తీసే సీరియల్‌కి మాటలు రాసేది ఆవిడ. భర్త రామ్మోహనరావు రేవులో ఓడలకు ఆయిలు పోసే కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజరు. ఆయన డ్యూటీకి వెళ్లగానే ఈవిడ డ్యూటీ మొదలు. పొద్దున్నే హైదరాబాదు నుంచి సీను క్లుప్తంగా వచ్చేది. ఎవరొస్తారు, ఎందుకేడుస్తారు, ఎక్కడ ఆపాలి, అంతే. మధ్యాహ్నానికల్లా మాటలు పంపాలి. అక్కడ మేకప్ వేసుకున్న నటులు ఈవిడ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. నాలుగు రోజులు తిరిగేసరికి అదంతా టీవీలో వచ్చేస్తుంది.

సీరియల్ పేరు 'పేరమ్మ ఇల్లు'. కథ జరిగేది జగిత్యాల పక్క పల్లెలో. కామాక్షి పుట్టిందేమో అమలాపురం దగ్గర. జగిత్యాలని మ్యాపులో తప్ప చూసి ఎరగదు. అయినా ఒప్పేసుకుంది. అది ధైర్యమో మొండితనమో ఆవిడకే తెలియాలి.

ఆ సీరియల్ అభిమానులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. గల్ఫులో పనిచేసే తెలంగాణ వాళ్లే అందులో ఎక్కువ. కామాక్షి 'ఆమని' అన్న దొంగ పేరుతో అందులో చేరి, ఎవరేమనుకుంటున్నారో వింటూ కూర్చునేది. రాసేవాళ్లు గోడకి చెవి ఆనించడం కొత్తేమీ కాదులెండి. ఒకరోజు అందులో ఒక వాయిస్ వచ్చింది.

"పేరమ్మ యాక్టింగ్ మంచిగున్నది గని, మాటలు రాసేటోళ్లకు మా దిక్కు భాష తెల్వది. 'ఎక్కడికి వెళ్తున్నావు బిడ్డా' అనది మా అవ్వ. 'ఏడికి వోతున్నవ్ బిడ్డా' అంటది. మా అవ్వను తీస్కపోయి గోదావరి ఒడ్డుకు ఇడిసిపెట్టినట్టున్నది."

గ్రూపంతా పడిపడి నవ్వింది. కామాక్షికి చెవులు వేడెక్కిపోయాయి. కోపం తగ్గాక ఆ వాయిస్ మళ్లీ పెట్టుకుని నాలుగుసార్లు వింది. ఆ గొంతు రాజలింగానిది. ఉమ్ అల్ క్వైన్‌లో ఇనుపరేకులు వంచే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. దుబాయ్ వచ్చి పదకొండేళ్లయింది.

ఆవిడ ఉండబట్టలేక అతనికి విడిగా మెసేజ్ పెట్టింది, ఆ మాటలు రాసేది నేనేనని. అరగంటకి జవాబొచ్చింది. "నిజంగ మీరేనా అక్కా? పేరమ్మకు మాట ఇచ్చేది మీరేనా?" ఆ గొంతులో భక్తి చూసి కామాక్షికి సిగ్గేసింది. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

అలా మొదలైంది. పొద్దున్న ఈవిడ పేరమ్మ డైలాగులు పంపేది. చాయ్ విరామంలో అతను వాటిని తనవైపు మాటలో పలికి పంపేవాడు. పేరమ్మ నోట్లోకి ప్రాణమొచ్చింది. "ఇగురం తెల్వనోడా" అని, అంటే బుద్ధి లేనివాడా అని, పేరమ్మ కొడుకుని తిట్టిన రోజున రాజలింగం లేబర్ క్యాంపులో అందరికీ ఫోన్ చూపించాడట, "గది నా మాట, మా అవ్వ మాట!" అంటూ. ఊళ్లో ఆ అవ్వ, అంటే అతని తల్లి చంద్రవ్వ, భార్య స్వర్ణ రోజూ రాత్రి ఏడున్నరకి టీవీ ముందు కూర్చుంటారు. "రాసేటక్క నాకు ఎరుకే" అని చెబితే స్వర్ణ మొదట నమ్మలేదు. తర్వాత నమ్మి, "పేరమ్మను జల్ది సంపద్దని చెప్పు" అందట.

సీరియల్ డైరెక్టరు భీమరాజు ఈ పనిలో ముప్పయ్యేళ్లు నలిగిన మనిషి. కామాక్షి చేరినప్పుడే ఒక మాట చెప్పాడు. "చూసేవాళ్లు తమ కథలు పంపిస్తారమ్మా. తెరవకు. ఒకసారి చదివావంటే రేపు అదే నీ చేతిలోంచి వచ్చేస్తుంది. నువ్వు దొంగతనం చేశావని నీకే తెలీదు." కామాక్షి సరేనంది. అతని దగ్గర భాషే కదా తీసుకుంటున్నాను, కథ కాదుగా అనుకుంది.

ఒకసారి తొమ్మిది రోజులపాటు రాజలింగం పలకలేదు. కామాక్షి కంగారు పడింది. ఆ కంగారులో సగం మనిషి కోసం, సగం డైలాగుల కోసం. పదో రోజున వాయిస్ వచ్చింది.

"అక్కా, మిషన్ల చెయ్యి వడ్డది. కుడి చెయ్యి. మూడు వేళ్లు పోయినయ్. కంపెనీ ఆస్పత్రిల వెట్టిండ్రు, ఇప్పుడు మంచిగనే ఉన్న. ఇగ మిషన్ పని ఖలాస్. గేటుకాడ కూసోవెట్టిండ్రు."

కామాక్షి "అయ్యో తమ్ముడూ" అని ఏడ్చేసింది. నిజంగానే ఏడ్చింది.

"ఇంట్ల చెప్పలే అక్కా," అన్నాడు తర్వాతి వాయిస్‌లో. "స్వర్ణ వాళ్ల నాయిన గిట్లనే దుబాయ్ వచ్చి శవమై పెట్టెల ఇంటికి పోయిండు. ఫోన్ల చెప్తే ఆమె నిద్రపోది. ఎనిమిది నెలలైతే సెలవు. ఇంటికి పోయి, పక్కన కూసొని, ఈ చెయ్యి ఆమె చేతుల వెట్టి, నేనే చెప్త. మా ఊరోళ్లు ఈ క్యాంపుల ఎవ్వలు లేరు, అది నయం. ఎవ్వలకు చెప్పకుండ్రి. మీకెందుకు చెప్పిన్నో తెల్వది. పేరమ్మతోని చెప్పుకున్నట్టు అనిపించింది."

"ఛ, నేనెవరికి చెప్తాను!" అంది కామాక్షి.

వాళ్లిద్దరికీ ఒక అలవాటు ఉండేది, రాజలింగానికీ స్వర్ణకీ. ఆదివారం సెలవు. ఆ రోజు ఇక్కడ పన్నెండు, అక్కడ ఒకటిన్నర. ఇతను క్యాంపులో, ఆమె ఇంట్లో, ఫోను ఎదురుగా నిలబెట్టుకుని వీడియోలో కలిసి అన్నం తినేవాళ్లు. పదకొండేళ్ల కాపురంలో ఇద్దరూ ఒక చాప మీద కూర్చుని తిన్న రోజులకంటే అలా తిన్న ఆదివారాలే ఎక్కువ. చెయ్యి పోయినప్పటినుంచీ అతను తువ్వాల కింద చెయ్యి దాచుకుని, "నేను తిన్న, నువ్వు తిను" అనడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో తింటే కనిపెట్టేస్తుంది కదా! ఈ సంగతీ కామాక్షికి చెప్పాడు. చెప్పి, చిన్నపిల్లాడిలా వెక్కాడు.

ఆరు నెలలు కామాక్షి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రామ్మోహనరావుకి కూడా చెప్పలేదు.

చెప్పలేదు. రాసింది.

ఎలా రాసిందంటారా? సీరియల్‌లో పేరమ్మ చిన్నకొడుకు మల్లేశ్‌ని దుబాయ్ పంపించారు. ఆ వేషం కట్టే కుర్రాడు వేరే షూటింగు ఒప్పుకుని నెలకి రెండు రోజులే వస్తానన్నాడు. ఇంకేం, అన్నీ వీడియో కాల్ సీన్లే. చూసేవాళ్లకి విసుగొచ్చింది, రేటింగు పడిపోయింది. గురువారం నాడు భీమరాజు ఫోన్ చేసి అరిచాడు. "ఫోన్లో మాట్లాడుకోవడం కాదమ్మా, ఆ ఫోన్లోనే గుండె పగలాలి. రేపు మధ్యాహ్నానికి నాకు సీను కావాలి. లేకపోతే ఆ ట్రాక్ ఎత్తేస్తున్నా."

కామాక్షి కాఫీ పెట్టుకుంది. కొండ వైపు చూసింది. తర్వాత ఎప్పుడు మొదలెట్టిందో ఆవిడకే తెలీదు. మల్లేశ్ పెళ్లాం అన్నం కంచం ముందు పెట్టుకుంది. మల్లేశ్ తినడం లేదు. ఒళ్లో తువ్వాల. "నేను తిన్న, నువ్వు తిను." పోయినవారం కూడా ఇదే మాట, అంతకుముందు వారం కూడా ఇదే. పెళ్లాం ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. "తువ్వాల తియ్యి" అంది.

నలభై నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో ఒకసారి ఆగింది ఆవిడ. చెయ్యి బదులు కాలు పెడదామా అనుకుంది. కాలైతే అన్నం సీను నిలవదు. ఊరి పేరు వేరు, మనిషి పేరు వేరు, గల్ఫులో చేతులు పోగొట్టుకున్నది ఒక్క రాజలింగమేనా అని సర్దిచెప్పుకుంది. తన మాట టీవీలో వస్తే క్యాంపంతా చూపించుకున్న మనిషి, సంతోషిస్తాడేమో అని కూడా అనుకుంది. ఆ మాట నిజంగా నమ్మి ఉంటే అతనికి ఒకసారి వినిపించేదే కదా! మొదటిసారిగా ఆ రోజు అతనికి డైలాగులు పంపలేదు. యాస సొంతంగా రాసుకుంది. ఏడాదిన్నరగా అతని దగ్గర నేర్చుకుంది, ఆ మాత్రం రాదూ?

మంగళవారం ప్రసారమైంది. భీమరాజు "చంపేశావమ్మా" అన్నాడు. అభిమానుల గ్రూపులో ఏడుపులే ఏడుపులు. దమ్మామ్ నుంచి ఒకాయన, ఇంటికి ఫోన్ చేసి పెళ్లాంతో కలిసి ఏడ్చానని చెప్పాడు. కామాక్షి అన్నీ వింది. అందులో రాజలింగం గొంతు కోసం వెతికింది. బుధవారం లేదు, గురువారం లేదు. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేక ఇల్లంతా తిరిగింది. శుక్రవారం పొద్దున్న పదకొండు సెకన్ల వాయిస్ ఒకటి వచ్చింది.

"అక్కా. స్వర్ణ సీరియల్ చూసింది. అప్పటికప్పుడు ఫోన్ చేసింది. తువ్వాల తియ్యిమన్నది."

అంతే. కామాక్షి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

అప్పుడు చెప్పింది మొగుడితో, అంతా. రామ్మోహనరావు చివరిదాకా విన్నాడు. తర్వాత, "ఆదివారం వెళ్దాం. వెళ్లి ఏం చేస్తావో మాత్రం నాకు తెలీదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే" అన్నాడు.

శనివారం రాత్రంతా పులిహోర, గారెలు చేసి డబ్బాకెత్తింది కామాక్షి. ఏం చేయాలో తెలియనప్పుడు ఆడవాళ్లం వంట చేస్తాం. కొండల మధ్య రోడ్డు మీద గంటంపావు ప్రయాణం. ఉమ్ అల్ క్వైన్ చేరేసరికి పదకొండున్నర. క్యాంపు గదుల్లోకి ఆడవాళ్లు వెళ్లకూడదు కాబట్టి గేటు పక్కనున్న కాఫ్టీరియాలో కూర్చుంది. రామ్మోహనరావు కారులోనే ఉండిపోయాడు. కాఫ్టీరియా నడిపే హిదాయతుల్లా పెషావర్ మనిషి, పెద్దాయన. రాజలింగం పేరు చెప్పగానే లోపలికి కబురంపాడు.

ఏడాదిన్నరగా గొంతు విన్న మనిషిని ఆవిడ చూడటం అదే మొదలు. అనుకున్నదానికంటే పొట్టి. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. భుజం మీద తువ్వాల ఉంది. చెయ్యి దాని కింద లేదు. ఇప్పుడింక ఎవరి దగ్గర దాచాలి?

"కూసోండ్రి అక్కా," అన్నాడు. తను లేచి నిలబడిన సంగతి కామాక్షికే తెలీదు.

"తప్పు చేశాను తమ్ముడూ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"గట్లనకుండ్రి. పెద్దోళ్లు." అతను ఎదురుగా కూర్చున్నాడు. రెండు వేళ్ల చెయ్యి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆ చేతినే చూశాడు. "మంచిగ రాసిండ్రక్కా. ఒక్క తప్పు గూడ లేదు. నేను ఆడాడ ఆపి మళ్ల ఇన్న. ఒక్కటంటే ఒక్క మాట తప్పు దొరకలే. అందుకే పట్టుకున్నది ఆమె."

ఆ మాటకంటే అతను రెండు చెంపలూ వాయించినా బాగుండేదని కామాక్షికి అనిపించింది.

"చెయ్యి చూసి ఏడ్వలేదక్కా స్వర్ణ. 'నాకంటే ముందుగాల ఆ రాసేటామెకు తెల్సిందా' అన్నది. గదొక్కటే అడిగింది. నేనేం చెప్తా? తెల్సిందన్న. పెట్టేసింది. ఐదు రోజులాయె, ఫోన్ ఎత్తుతలేదు. మా అవ్వ ఎత్తి, 'తింటలేదు బిడ్డా' అని చెప్తది." "నేను పోయి, పక్కన కూసొని చెప్పేటిదుండె. గది నా మాటక్కా. గా ఒక్క మాట నేను చెప్పుకోవాలె. మీరు చెప్పేసిండ్రు, అందరి ఇండ్లల్ల."

"నేను స్వర్ణతో మాట్లాడతాను. నా తప్పేనని చెప్తాను. కావాలంటే సీరియల్‌లోనే మల్లేశ్ చేత పెళ్లాన్ని క్షమాపణ..."

"వద్దు!" అతను చెయ్యెత్తాడు, ఆ చెయ్యే. హిదాయతుల్లా టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. రాజలింగం గొంతు తగ్గించాడు. "వద్దక్కా. మీతోని కోపం లేదు. తప్పు నాది గూడ ఉన్నది. పేరమ్మ మాట మీ నోట్లకెల్లి వస్తున్నదని మిమ్ములనే పేరమ్మ అనుకున్న. మీరు రాసేటోళ్లు. గది యాది మర్సిన. ఇగ మా ఇద్దరి నడుమకు రాకుండ్రి. గంతే."

కామాక్షి తలూపింది. డబ్బా ముందుకి జరిపింది. అతను దాని వంక చూశాడే గాని ముట్టుకోలేదు. ఆవిడ కూడా మళ్లీ తినమనలేదు.

సరిగ్గా అప్పుడు అతని ఫోన్ మోగింది. వీడియో కాల్. గోడ మీద గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. రాజలింగం తెర మీది పేరు చూసి, కామాక్షి వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి అర్థమైంది. లేచింది. ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, ఎడమ చేత్తో పచ్చబొత్తాం నొక్కాడు అతను.

కామాక్షి సంచి అతని వెనక కుర్చీ మీద ఉంది. దానికోసం వంగినప్పుడు తెర కనిపించింది. ఐదు రోజులు తిండి లేని మొహం, ముందు కంచం, అందులో అన్నం, పప్పు. స్వర్ణ. తను సీనుకి వాడుకున్న మనిషి.

"చెయ్యి మొత్తం చూపెట్టు," అంది స్వర్ణ.

అతను చూపెట్టాడు. స్వర్ణ చాలాసేపు చూసింది.

"బువ్వ తెచ్చుకో," అంది.

హిదాయతుల్లాకి తెలుగు ముక్క రాదు. అయినా ఎవరూ అడగకుండానే అన్నం కంచం తెచ్చి పెట్టాడు. రాజలింగం ఎడమ చేత్తో ముద్ద కలపబోయి, సిగ్గుపడి ఆగిపోయాడు. అప్పుడు స్వర్ణ తన కుడిచెయ్యి కొంగులో చుట్టేసుకుంది. ఎడమ చేత్తో అన్నం కలిపి ముద్ద ఎత్తింది.

స్వర్ణ వెనకనుంచి ముసలి గొంతు వినిపించింది. "ఎడమ చేత్తోని తింటరానే ఎవలన్న?"

"నేను తింట," అంది స్వర్ణ.

కామాక్షి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. అయినా చెవి మాత్రం తర్వాతి మాట కోసం నిక్కబొడుచుకుని ఉంది. ఆ పాడు చెవి! తన చెవి అలా ఉన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. చరచరా నడిచి వెళ్లి కారులో కూర్చుని తలుపేసుకుంది. రామ్మోహనరావు "ఏమన్నాడు?" అని అడిగితే, "పోనివ్వండి" అంది.

ఊరు దాటకముందే ఫోన్ మోగింది. భీమరాజు.

"అమ్మా, రేటింగ్ ఎక్కడికో పోయింది. వారమంతా మల్లేశ్ ట్రాకే పెడుతున్నాం. రేపు పొద్దున్న పెళ్లాం సీను. చెయ్యి పోయిందని తెలిసింది, ఇప్పుడు ఏం చేస్తుందది? ఏడవకూడదు, అరవకూడదు, కొత్తగా ఉండాలి. ఆ భాష నేర్పే మనిషి ఎవరో ఉన్నాడన్నావుగా, అతన్నడుగు."

"అడగను సార్."

"అదేమిటి? అడగకపోతే ఎలా? రాయలేనంటే చెప్పు, ఇంకొకరికిస్తా."

"ఇచ్చేయండి."

భీమరాజు ముప్పయ్యేళ్లు నలిగిన మనిషి కదా, ఏదో పసిగట్టాడు. గొంతు మెత్తబడింది. "సరే, రాయకు. నాకు మాటగా చెప్పు చాలు. ఇంత బాగా మొదలుపెట్టినదానివి, నీకు తెలీకుండా ఉంటుందా? ఆ పిల్ల ఏం చేస్తుంది?"

కామాక్షి కళ్ల ముందు కంచం ఉంది, కొంగులో చుట్టిన చెయ్యి ఉంది, ఎత్తిన ముద్ద ఉంది. జన్మలో మళ్లీ దొరకని సీను, ఒక్క మాట కూడా దిద్దనక్కర్లేని సీను.

"నాకు తెలీదు సార్," అంది.